అణు నిరోధంలో నిమిషాల లెక్క

సభకు నమస్కారం.

అణు నిరోధం, అంటే ఎదురుదెబ్బ భయంతో శత్రువును అణుదాడికి దిగకుండా ఆపడం, అనగానే ఎవరి దగ్గర ఎన్ని వార్‌హెడ్లు ఉన్నాయన్న దగ్గరే మన చర్చ ఆగిపోతుంది. అంతకంటే ముఖ్యమైనది నిమిషాల లెక్క. అమెరికా, రష్యాల మధ్య ఖండాంతర క్షిపణి ప్రయాణం సుమారు 30 నిమిషాలు. తీరానికి దగ్గరగా వచ్చిన జలాంతర్గామి నుంచి వదిలితే అందులో సగం కూడా పట్టకపోవచ్చు. దాడిని గుర్తించడం, నిర్ధారించుకోవడం, అధ్యక్షుణ్ణి లేపి చెప్పడం, ఆదేశం అందడం అన్నీ ఆలోపే జరగాలి. సైలోల్లో, అంటే భూగర్భ గోతుల్లో ఉంచిన క్షిపణులు మొదటి దెబ్బకే పోతాయని భయపడే దేశం, హెచ్చరిక రాగానే వాటిని వదిలేయాలని చూస్తుంది. ఆ హెచ్చరికే తప్పయితే?

1980 జూన్ 3న అదే జరిగింది. అమెరికా హెచ్చరిక వ్యవస్థ లైన్లు పనిచేస్తున్నాయో లేదో చూడటానికి నిరంతరం పరీక్ష సందేశాలు పంపేది. అవి అచ్చం దాడి సందేశాల రూపంలోనే ఉండేవి, క్షిపణుల సంఖ్య దగ్గర మాత్రం సున్నాలు. 46 సెంట్ల చిప్ ఒకటి చెడిపోయి ఆ సున్నాల చోట ‘2’ అనే అంకె పడింది. బాంబర్ సిబ్బంది ఇంజన్లు స్టార్ట్ చేశారు. రాడార్లలో, ఉపగ్రహాల్లో ఏమీ కనబడకపోవడంతో ఆగారు. చిప్ చెడటం సహజం. ఉత్తుత్తి సందేశానికీ నిజమైనదానికీ ఒకే రూపం ఇవ్వడమే ఘోరమైన పొరపాటు. తర్వాత ఆ రూపం మార్చారు.

1983 సెప్టెంబర్ 26న సోవియట్ ఉపగ్రహం, మేఘాలపై మెరిసిన ఎండను ఐదు క్షిపణులుగా చూపింది. యుద్ధం ఐదింటితో మొదలవదని, నేల రాడార్లు దాన్ని ధ్రువీకరించలేదని గమనించి, విధుల్లో ఉన్న సోవియట్ అధికారి స్టానిస్లావ్ పెట్రోవ్ అది తప్పుడు హెచ్చరిక అని పైవాళ్లకు చెప్పారు.

ఇలాంటి పొరపాట్లకు మొదటి జాగ్రత్త, ధీమా. దెబ్బ తిన్నాక కూడా తిరిగి కొట్టగలమన్న ధీమా ఉంటేనే ఆగడం సాధ్యం. సముద్రంలో దాగే జలాంతర్గాములు ఇచ్చేది ఆ ధీమానే. మన విశాఖలో తయారైన అణు జలాంతర్గామి అరిహంత్ విలువా అదే. అణ్వస్త్రాలను ముందుగా ప్రయోగించబోమన్న భారత విధానానికి అది బలం.

రెండో జాగ్రత్త, ముందే చెప్పడం. 1988 ఒప్పందం ప్రకారం అమెరికా, సోవియట్ యూనియన్ ఖండాంతర క్షిపణి ప్రయోగాలను కనీసం 24 గంటల ముందు తెలపాలి. చెప్పినా సమాచారం అందాల్సిన చోటికి అందాలి. 1995 జనవరిలో నార్వే పరిశోధన రాకెట్ గురించి ముందే తెలిపినా, ఆ కబురు రష్యా రాడార్ సిబ్బందికి చేరలేదు. దాన్ని క్షిపణి అనుకోవడంతో రష్యా అధ్యక్షుడు యెల్త్సిన్, అణు దాడికి ఆదేశమిచ్చే బ్రీఫ్‌కేస్ తెరిచారు.

ముందే తెలపాలన్న భారత్, పాకిస్తాన్‌ల 2005 ఒప్పందం, పైకి దూసుకెళ్లి కిందికి పడే బాలిస్టిక్ క్షిపణుల పరీక్షలకే వర్తిస్తుంది. 2022 మార్చి 9న పొరపాటున పాకిస్తాన్‌లో పడింది మన బ్రహ్మోస్, విమానంలా ఎగిరే క్రూజ్ క్షిపణి. క్రూజ్ క్షిపణులనూ ఆ ఒప్పందంలో చేర్చాలి, పొరపాటు జరిగితే వెంటనే హాట్‌లైన్‌లో చెప్పాలన్న నియమమూ ఉండాలి.