పెళ్ళి చెల్లదని తేలాక మఠంలో చేరవచ్చా?

అందరికీ వందనాలు.

తన పెళ్ళి చెల్లదని మేత్రాసన ట్రిబ్యునల్, అంటే పీఠాధిపతి కింద ఉండే కథోలిక తిరుసభ న్యాయస్థానం, తీర్పు ఇచ్చాక మఠంలో చేరవచ్చా అని అడిగేవాళ్ళు మనలో ఉన్నారు. ఎక్కువగా ఆడపిల్లలే. ఊరికే ప్రశ్న అడగరు, ఇంట్లోవాళ్ళు అన్న మాట కూడా చెబుతారు. "మెడలో తాళి పడ్డదాన్ని మఠం గడప తొక్కనిస్తారా?" అంటుంది ఒక పిన్ని. ఇంకో ఇంట్లో దీనికి తలకిందులు. "పెళ్ళి ఎలాగూ పెటాకులయింది, మఠంలో చేర్చెయ్యండి, ప్రభువు సేవలోనైనా ఉంటుంది" అంటాడు మేనమామ. రెండు మాటలూ తప్పే. రెండోది మరీ తప్పు. ఎందుకో ఇవాళ చెబుతాను.

జవాబు ముందే చెప్పేస్తున్నాను. చేరవచ్చు. ఇప్పుడు అమల్లో ఉన్నది 1983 నాటి తిరుసభ చట్టం. మఠంలో మొదటి శిక్షణ కాలం నోవిషియేట్. ఎవరిని అందులో చేర్చుకుంటే అది చెల్లదో ఆ చట్టంలోని కానన్ 643, అంటే 643వ సూత్రం, చెబుతుంది. పదిహేడేళ్ళు నిండనివాళ్ళు. వివాహబంధం ఇంకా నిలిచి ఉన్న భార్య లేదా భర్త. అప్పటికే మరో మఠవాస సభకు కట్టుబడి ఉన్నవాళ్ళు. ఇంకా ఒకటి రెండు ఉన్నాయి, వాటికి తర్వాత వస్తాను. బంధం నిలిచి ఉన్నంతకాలమే ఆ అడ్డు. భర్త పోయినావిడ చేరవచ్చు. పెళ్ళి మొదటి రోజు నుంచే చెల్లలేదని తేలినావిడా చేరవచ్చు. కన్యగా ఉండాలన్న షరతు ఆ కానన్‌లో ఎక్కడా లేదు. మగవాళ్ళకూ ఇదే లెక్క. గురువు కావాలనుకునేవాళ్ళకు కూడా భార్య ఉండటమే అడ్డు. ఆ పెళ్ళి చెల్లదని తేలితే ఆ అడ్డు పోతుంది, ఆపైన తీసుకోవడం, మానడం పీఠాధిపతి చేతిలో ఉంటుంది.

కోర్టులో విడాకులు తీసుకుని, తిరుసభ తీర్పు లేనివాళ్ళ సంగతి వేరు. చెల్లుబాటుగా జరిగి కాపురంతో పూర్తయిన జ్ఞానవివాహాన్ని (జ్ఞానస్నానం పొందిన ఇద్దరి పెళ్ళిని) మరణం తప్ప ఏదీ విడదీయదన్నది కానన్ 1141. కాబట్టి తిరుసభ లెక్కలో వాళ్ళింకా భార్యాభర్తలే. అలాంటివాళ్ళను చేర్చుకోవాలంటే రోము నుంచి ప్రత్యేక అనుమతి రావాలి, అది చాలా అరుదు.

మరి అనల్‌మెంట్‌లో, అంటే పెళ్ళి చెల్లదని తేల్చే విచారణలో, జరిగేదేమిటి? తిరుసభ ఆ పెళ్ళిని తెంచదు. పెళ్ళినాడు ఆ ఇద్దరి సమ్మతి నిజమైన సమ్మతేనా అని విచారిస్తుంది. ప్రధానానికి ముందు మీ ఇద్దరూ మాట్లాడుకున్నారా, ఎవరు ఒప్పించారు, వద్దని ఎవరితోనైనా అన్నారా, అన్నప్పుడు ఇంట్లో ఏం జరిగింది, ఇలా అడుగుతారు. సాక్షులను పిలుస్తారు. మీ అన్నయ్యను అడుగుతారు, మీ స్నేహితురాలిని అడుగుతారు, అవతలివాళ్ళనూ అడుగుతారు. పెళ్ళి బంధం తరఫున వాదించడానికే ఒక అధికారి ఉంటారు. ఇదివరకు ఒకే తీర్పు రెండు న్యాయస్థానాల్లో రావాల్సి వచ్చేది. ఫ్రాన్సిస్ పోపుగారు చేసిన మార్పుతో 2015 డిసెంబరు 8 నుంచి, ఎవరూ అప్పీలు చెయ్యకపోతే, ఒక్క తీర్పు చాలు.

పెళ్ళి చెల్లకపోవడానికి కారణాల్లో ఒకటి బలవంతం, కానన్ 1103. "నువ్వు ఒప్పుకోకపోతే పురుగుల మందు తాగుతా" అని నాన్న అంటే, ఆ భయానికి తల ఊపి గుడిలో "సమ్మతమే" అన్న పిల్లలు మన ఊళ్ళల్లో లేరా? ఆ మాట గురువు వింటారు, చుట్టాలు వింటారు, రిజిస్టర్‌లో సంతకమూ పడుతుంది. అయినా సమ్మతి భయం వల్లే పుట్టిందని విచారణలో రుజువైతే ఆ పెళ్ళి చెల్లదు.

ఇప్పుడు ఇందాక వదిలేసిన దగ్గరికి వస్తాను. అదే కానన్ 643లో ఇంకో మాట ఉంది. బలవంతం వల్ల, పెద్ద భయం వల్ల, మోసం వల్ల నోవిషియేట్‌లో చేరినవాళ్ళ చేరిక చెల్లదు. ఆ తర్వాత ఇచ్చే మాటపట్టుకూ, అంటే సన్యాస వ్రతాలకూ, ఇదే షరతు. మేనమామలందరూ ఇది వినాలి. ఒకసారి బలవంతాన పెళ్ళి చేశారు, అది చెల్లలేదు. ఇప్పుడు పరువు కోసం బలవంతాన మఠంలో చేరిస్తే అదీ చెల్లదు. దేవుడికి ఇచ్చేశాం అని మీరు అనుకోవచ్చు. ఆ పిల్ల తనంతట తాను ఇవ్వనిదాన్ని తిరుసభ అందుకోదు.

దీనికి చరిత్రలో ఒక ఇల్లాలి కథ ఉంది. చాలామందికి తెలియదు, నాకు మాత్రం ఎంతో ఇష్టం. ఫ్రాన్స్ రాకుమారి పునీత జోన్. ఆర్క్ జోన్ కాదు, ఈమె వేరు. 1464లో ఫ్రాన్స్ రాజు పదకొండవ లూయీకి కూతురుగా పుట్టింది. రాజుకు కావలసింది కొడుకు. పైగా ఈ పిల్లకు వెన్ను వంగి ఉంది, నడకలో కుంటు. పుట్టిన కొద్ది వారాలకే దూరపు చుట్టమైన ఓర్లియన్స్ వారసుడు లూయీతో సంబంధం ఖాయం చేసేశారు. 1476లో పెళ్ళి, అప్పటికి ఆమెకు పన్నెండేళ్ళు. తండ్రి ఒక ఉత్తరంలో ఏం రాశాడో తెలుసా? వీళ్ళకు పుట్టబోయే పిల్లల్ని పోషించడానికి పెద్దగా ఖర్చు కాదని. కూతురికి పిల్లలు పుట్టరని, దాంతో ఓర్లియన్స్ వంశం అక్కడితో ఆగిపోతుందని ఆయన లెక్క. కన్న తండ్రి!

భర్త ఆమెను దగ్గరకు రానివ్వలేదు. అతను తిరుగుబాటు చేసి 1488లో ఖైదుపాలయ్యాడు. అప్పుడు రాజుగా ఉన్న తన తమ్ముడు ఎనిమిదవ చార్లెస్ దగ్గరకు పోయి, భర్తను వదిలిపెట్టమని బతిమాలింది ఈమే. 1491లో అతను బయటికి వచ్చాడు. 1498లో చార్లెస్ చనిపోయాడు, పిల్లలు లేరు. ఓర్లియన్స్ లూయీయే పన్నెండవ లూయీగా రాజయ్యాడు. రాజైన వెంటనే చేసిన పనుల్లో ఒకటి, తన పెళ్ళి చెల్లదని ప్రకటించమని పోపు ఆరవ అలెగ్జాండర్‌ను అడగడం. చార్లెస్ భార్య ఆన్‌ను పెళ్ళాడితేనే బ్రిటనీ ప్రాంతం తన చేతిలో ఉంటుంది మరి.

తూర్ పట్టణంలో విచారణ మొదలైంది. పదకొండవ లూయీకి భయపడి ఒప్పుకున్నానని రాజు వాదించాడు. ఆమె శరీరం కాపురానికి పనికిరాదని కూడా వాదించాడు. నిండు సభలో ఆమె దేహం గురించి మాట్లాడారు. నేను మిగతా ఆడవాళ్ళంత అందంగా లేనని, అంత తీరుగా లేనని నాకు తెలుసు, అయినా నేను అతని భార్యనే అని ఆమె నిలబడి చెప్పింది. దేహ పరీక్షకు ఒప్పుకోలేదు. కాపురం జరగలేదని రాజు ప్రమాణం చేసి చెబితే దాన్ని అంగీకరిస్తానంది. రాజు ప్రమాణం చేశాడు. 1498 డిసెంబరు 17న అంబ్వాజ్‌లో తీర్పు వచ్చింది, పెళ్ళి చెల్లదని. మరుసటి నెలలోనే రాజుకు ఆన్‌తో పెళ్ళయింది.

ఆ తీర్పు వెనక రాజకీయం ఉందని చరిత్రకారులు అంటారు, నేనూ అదే అనుకుంటాను. పోపుగారి కొడుకు సీజర్ బోర్జియాకు ఆ ఏడాదే ఫ్రాన్స్‌లో డ్యూక్ పదవి దక్కింది. రాజుకు కలిగిన భయాన్ని న్యాయస్థానం తూకం వేసింది. పాలు తాగే వయసులోనే ఒకరికి కట్టబెట్టిన ఆ పిల్ల ఇష్టం మాత్రం ఎవరికీ పట్టలేదు.

తర్వాత జరిగింది చూడండి. ఆమెను బెర్రీ ప్రాంతానికి డచెస్‌ను చేసి బూర్జ్ పట్టణానికి పంపారు. అక్కడ ఆమె మరియమాత పేరిట ఒక మఠవాస సభను స్థాపించింది, అనోన్సియాడ్ సభ. భర్త వదిలేశాడు కాబట్టి మఠం పట్టింది అనుకుంటారు అందరూ. సంగతి అది కాదు. ఒక సభను స్థాపిస్తావన్న పిలుపు తనకు చిన్నతనంలోనే ప్రార్థనలో అందిందని ఆమె చెప్పుకుంది. ఆ పిలుపుకు అడ్డం వచ్చింది పెళ్ళే. ఆమె ఆత్మగురువు, ఫ్రాన్సిస్కన్ సభకు చెందిన గాబ్రియెల్ మరియాగారు వెంటనే సరే అనలేదు, చాలాకాలం నాన్చారు. ఆమె పట్టు విడవలేదు. ఆ సభ నియమావళిని 1502లో ఆమోదించిన పోపు ఎవరో కాదు, ఆరవ అలెగ్జాండరే. 1504లో ఆమె మాటపట్టు ఇచ్చింది, 1505 ఫిబ్రవరి 4న కన్నుమూసింది. 1950లో పన్నెండవ పయస్ పోపుగారు ఆమెను పునీతగా ప్రకటించారు. ఆ సభ ఇప్పటికీ ఉంది.

పెళ్ళయి బిడ్డల్ని కన్న తల్లి మఠాలకు పునాది వేసిన కథ మన తెలుగువాళ్ళలోనూ ఉంది. 1822లో ఫిరంగిపురంలో పుట్టిన జ్ఞానమ్మగారు పెళ్ళి చేసుకుంది, కొడుకులను కన్నది, భర్తను పోగొట్టుకుంది. 1863లో తమిళ దేశంలోని కీలచ్చేరిలో ఆడపిల్లలకు బడి పెట్టింది. పునీత అన్నమ్మగారి పేరు పెట్టుకున్న సిస్టర్ల సభలు ఆ పని నుంచే పుట్టాయి. మఠం గడప తొక్కనివ్వరన్న పిన్నికి ఇది చెప్పండి.

సరే, చేరాలనుకునేవాళ్ళు ఏం తెలుసుకోవాలి? మొదటిది మీ జ్ఞానస్నాన రిజిస్టర్. మీ విచారణ గుడి ఆఫీసులో ఆ పెద్ద పుస్తకం తెరిపిస్తే, మీ పేరున్న వరుస పక్కన కాస్త ఖాళీ కనిపిస్తుంది. భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్) అక్కడ రాస్తారు. పెళ్ళయితే తేదీ, ఊరు రాస్తారు. ఆ పెళ్ళి చెల్లదన్న తీర్పు వచ్చాక అదీ అక్కడే ఎక్కాలి. ట్రిబ్యునల్ నుంచి కాగితం వచ్చినా రిజిస్టర్‌లో రాయకుండా వదిలేసిన చోట్లు ఉంటాయి, మీరే వెళ్ళి చూసుకోండి. ఎందుకంటే నోవిషియేట్‌కు ముందు జ్ఞానస్నాన సర్టిఫికెట్ అడుగుతారు, ఈ వివరాలన్నీ అందులోకి వస్తాయి. పెళ్ళి సంగతి దాచిపెట్టి చేరదామనుకుంటే అక్కడే బయటపడుతుంది, దాచారన్న అనుమానం మాత్రం మిగిలిపోతుంది. మొదటి రోజే చెప్పెయ్యండి. రేపు మీరు నిత్య మాటపట్టు ఇస్తే అదీ ఆ వరుస పక్కనే రాస్తారు.

రెండోది ప్రభుత్వ చట్టం. తిరుసభ ట్రిబ్యునల్ తీర్పుకు మన దేశ కోర్టుల్లో చెల్లుబాటు లేదు, సుప్రీంకోర్టు 1996లోనే ఆ మాట తేల్చింది. 1869 నాటి విడాకుల చట్టం కింద కోర్టు నుంచి కూడా డిక్రీ తెచ్చుకోవాలి. ఇద్దరికీ ఇష్టమైతే పరస్పర అంగీకారంతో తెచ్చుకునే దారి 2001 సవరణతో వచ్చింది. ఆ పని మిగిలి ఉండగా సభకు ప్రాంతీయ పెద్ద అయిన ఏ మదర్ ప్రొవిన్షియల్ అయినా వెనకాడుతుంది, అందులో తప్పు పట్టడానికి లేదు. తీర్చలేని అప్పులున్నవాళ్ళను చేర్చుకోవద్దని కూడా కానన్ 644 అంటుంది. పెళ్ళి కోసం మీ పేరున తెచ్చిన అప్పు ఉంటే ముందు దాన్ని తీర్చుకోండి.

బిడ్డలుంటే? ఆ బిడ్డలు అక్రమ సంతానం అయిపోతారేమోనని భయపడి ట్రిబ్యునల్ గడప ఎక్కని తల్లులున్నారు. భయపడకండి. పెళ్ళి చెల్లుతుందని ఇద్దరిలో ఒక్కరు నమ్మి చేసుకున్నా, కానన్ 1137 ప్రకారం ఆ బిడ్డలు సక్రమ సంతానమే. కానీ చిన్నపిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదిలేసి మఠానికి పోతానంటే నేను మాత్రం వద్దంటాను. ముందు వాళ్ళు తమ కాళ్ళ మీద నిలబడాలి.

మూడోది, మీ తీర్పులో ఏ కారణం రాశారన్నది. కాపురపు బాధ్యత మోయలేని మానసిక స్థితి మీదే అని తేలి ఉంటే, సామూహిక జీవితాన్ని మోయగలరా అని సిస్టర్లు అడుగుతారు. అడగడం వాళ్ళ బాధ్యత. నిపుణులతో పరీక్ష కూడా చేయించవచ్చు. కానీ అలా అనుమతించిన కానన్ 642లోనే, మీ మంచి పేరుకూ మీ సొంత విషయాల గోప్యతకూ భంగం రాకూడదని ఉంది. ట్రిబ్యునల్ ఫైలు మొత్తం తెచ్చి అందరి ముందు పరవమనే హక్కు ఎవరికీ లేదు. చట్టంలో అడ్డు లేనంతమాత్రాన ఒక సభ మిమ్మల్ని తీసుకుని తీరాలనీ లేదు. వయసు మీద, గతం మీద ప్రతి సభకూ సొంత నియమాలుంటాయి. ఒకరు కాదంటే ఇంకో సభను అడగండి.

తొందర మాత్రం పడకండి. మనవాళ్ళు పెళ్ళికి ఇచ్చే గడువు గుడిలో మూడు చాటింపులు. మఠం ఎంత గడువు ఇస్తుందో చూడండి. నోవిషియేట్ కనీసం పన్నెండు నెలలు, ఆ తర్వాత తాత్కాలిక మాటపట్టు కనీసం మూడేళ్ళు. ఇది నా దారి కాదు అనిపిస్తే నోవిస్‌గా ఉన్నప్పుడు ఏ రోజైనా వచ్చెయ్యవచ్చు. అలా వచ్చిన పిల్లను చూసి "అక్కడా నిలవలేదు" అని ఎవరూ నోరు పారేసుకోకండి. వచ్చెయ్యమనే ఆ గడువు పెట్టింది.

తీర్పు చేతికొచ్చిన నెలలోనే సూట్‌కేసు సర్దుకునేవాళ్ళకు నా సలహా ఒకటే. కొన్నాళ్ళు ఆగండి. ఉద్యోగం ఉంటే చేసుకోండి, గుడికి వెళ్ళండి, ఒక గురువుతోనో సిస్టర్‌తోనో నెలనెలా మాట్లాడండి. రేపు ఒక మంచి సంబంధం వచ్చి, అబ్బాయి నిజంగా బుద్ధిమంతుడైనా, నాకు మఠమే కావాలని మీ మనసు అంటుందా? అంటే ఆ సభలో కొత్తగా చేరేవాళ్ళ సంగతి చూసే వొకేషన్ ప్రమోటర్‌కు ఉత్తరం రాయండి. మీ పెళ్ళి సంగతి, తీర్పు తేదీ, కోర్టు డిక్రీ సంగతి మొదటి పేరాలోనే పెట్టండి. వాళ్ళు రమ్మంటే పది రోజులు వెళ్ళి వాళ్ళతో ఉండి రండి. ఇంట్లోవాళ్ళకు చెప్పే వెళ్ళండి, కానీ ఉత్తరం మాత్రం మీ చేత్తో మీరే రాయండి, మేనమామ చేత రాయించకండి.

ఉంటాను. వందనాలు.