పది మైక్రో అంటే సరిపోదు

అందరికీ నమస్కారం.

కోఠీ గుజరాతీ గల్లీలో కౌంటర్ దగ్గర “పది మైక్రో కెపాసిటర్ ఇవ్వండి” అంటే, “ఎన్ని వోల్టులది?” అని అడుగుతారు. అది చెప్పగానే కవర్లో వేసి ఇచ్చేస్తారు. వోల్టేజ్‌ని స్థిరంగా ఉంచే రెగ్యులేటర్ అవుట్‌పుట్‌లో పెట్టడానికైతే మూడో ప్రశ్న ఒకటుంది, దాన్ని మనమే వేసుకోవాలి: ఈ కెపాసిటర్ లోపలి రెసిస్టెన్స్, అంటే ఈఎస్ఆర్, ఎంత? ఇవాళ నా మాటలన్నీ దాని చుట్టూనే.

7805 అనే 5 వోల్టుల రెగ్యులేటర్‌తో మొదలుపెట్టినవాళ్లకి ఈ ప్రశ్న తట్టకపోవడం సహజం. అందులో కరెంటు మోసే ట్రాన్సిస్టర్ ఎన్‌పీఎన్ రకం, ఎమిటర్ ఫాలోవర్‌గా, అంటే అవుట్‌పుట్ ఎమిటర్ నుంచి వచ్చేలా ఉంటుంది. అవుట్‌పుట్ ఇంపెడెన్స్, అంటే మారే కరెంటుకి అడ్డు, పుట్టుకతోనే తక్కువ. ఇన్‌పుట్‌లో 0.33, అవుట్‌పుట్‌లో 0.1 మైక్రోఫారడ్ పెడితే పని జరిగిపోతుంది. కాకపోతే దానికి ఇన్‌పుట్, అవుట్‌పుట్‌ల మధ్య 2 వోల్టుల దాకా తేడా కావాలి. ఆ తేడా లేనిచోట ఎల్‌డీఓ (లో డ్రాపౌట్), అంటే తక్కువ తేడాతోనే పనిచేసే రెగ్యులేటర్ వాడతాం. చిక్కు అక్కడ మొదలవుతుంది.

ఎల్‌ఎం2940 లాంటి ఎల్‌డీఓలో కరెంటు మోసేది పీఎన్‌పీ. అవుట్‌పుట్ దాని కలెక్టర్ నుంచి వస్తుంది కాబట్టి ఇంపెడెన్స్ ఎక్కువ. అందువల్ల అవుట్‌పుట్ కెపాసిటర్, లోడ్ కలిసి తక్కువ ఫ్రీక్వెన్సీలోనే ఒక పోల్ తయారుచేస్తాయి, అంటే ఆ ఫ్రీక్వెన్సీ దాటాక సిగ్నల్ తగ్గుతూ వెనకబడుతుంది. అవుట్‌పుట్‌ని చూసి సరిదిద్దే లోపలి యాంప్లిఫయర్‌కి ఇంకో పోల్ ఉంటుంది. ఒక్కొక్కటి సిగ్నల్ ఫేజ్‌ని (అల వచ్చే సమయాన్ని) 90 డిగ్రీల వరకు వెనక్కి లాగుతుంది. రెండూ కలిస్తే 180కి దగ్గరవుతాం. అవుట్‌పుట్‌లో తేడాని తగ్గించాల్సిన ఫీడ్‌బ్యాక్ దాన్ని పెంచడం మొదలుపెడుతుంది: ఊయల వెనక్కి వస్తున్నప్పుడు ఆపాల్సిన చెయ్యి, ఆలస్యమై, ముందుకు వెళ్తున్నప్పుడు తోసినట్టు.

ఇక్కడ కాపాడేది ఈఎస్ఆరే. కెపాసిటర్‌తో కలిసి అది పోల్‌కి విరుగుడైన ‘జీరో’ ఒకటి తయారుచేసి, పోయిన ఫేజ్‌ని తిరిగి ఇస్తుంది. లెక్క చూడండి. 10 మైక్రోఫారడ్‌కి 1 ఓమ్ ఈఎస్ఆర్ ఉంటే జీరో దాదాపు 16 కిలోహెర్ట్జ్ దగ్గర పడుతుంది. అదే 10 మైక్రో సెరామిక్‌లో 5 మిల్లీఓములే ఉంటే 3 మెగాహెర్ట్జ్ దాటిపోతుంది. అప్పటికి లూప్ గెయిన్, అంటే ఫీడ్‌బ్యాక్ బలం, ఎప్పుడో అయిపోయి ఉంటుంది, ఆ జీరో ఎవరికీ అక్కరకు రాదు. ఖరీదైన, ‘మంచి’ కెపాసిటర్ పెట్టాక బోర్డు ఆసిలేట్ అవ్వడానికి, అంటే అవుట్‌పుట్ దానంతటదే ఊగడానికి కారణం ఇదే. ఎల్‌ఎం1117 అనే ఇంకో ఎల్‌డీఓ డేటాషీట్ 0.3 నుంచి 22 ఓముల మధ్య ఈఎస్ఆర్ ఉండాలని నేరుగా రాసింది. ఆ వాక్యం చదవకుండా ఆ పార్టుని బోర్డు మీద పెట్టకండి.

సెరామికే కావాలంటే దానికి సిరీస్‌లో అర ఓమో, ఒక ఓమో రెసిస్టర్ పెట్టండి. లేదా ఎంసీపీ1700 లాంటి, సెరామిక్‌తోనూ నిలకడగా పనిచేసే రెగ్యులేటర్ తీసుకోండి. దానికి 1 మైక్రోఫారడ్ చాలు.

అయితే సెరామిక్ మీద రాసిన విలువని గుడ్డిగా నమ్మొద్దు. చిన్న సైజు ఎక్స్5ఆర్ రకం సెరామిక్ మీద డీసీ వోల్టేజ్ పడితే కెపాసిటెన్స్ సగానికి పైగా పడిపోవచ్చు. వై5వీ రకం అయితే ఉష్ణోగ్రతకే కరిగిపోతుంది. ఈ పనికి నేను దాని జోలికి పోను. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్‌ది వేరే బాధ. మన మే నెల ఎండలో మేడ మీద మూసేసిన డబ్బాలో ఉంటే లోపలి ద్రవం నెమ్మదిగా ఎండిపోయి, ఈఎస్ఆర్ ఏటేటా పెరుగుతుంది. 105 డిగ్రీల వరకు తట్టుకునేదే కొనండి.

చివరగా పరీక్ష. మల్టీమీటర్ సగటు చూపిస్తుంది కాబట్టి 3.3 వోల్టుల రెగ్యులేటర్‌లో ఆసిలేషన్ ఉన్నా 3.3 అనే అంటుంది. వోల్టేజ్ అలల్ని గీసి చూపే స్కోప్ (ఆసిలోస్కోప్) కావాలి. అవుట్‌పుట్‌కి లోడ్‌గా పెట్టిన 33 ఓముల రెసిస్టర్‌ని మాస్ఫెట్ స్విచ్‌తో ఆన్, ఆఫ్ చేస్తే 3.3 వోల్టుల దగ్గర 100 మిల్లీఆంపుల కుదుపు వస్తుంది. ప్రోబ్ గ్రౌండ్ వైరు వీలైనంత పొట్టిగా పెట్టి, డీసీని వదిలేసి మార్పుల్నే చూపే ఏసీ కప్లింగ్‌లో చూడండి. ఒకసారి కిందికి దిగి నిలకడగా సర్దుకుంటే బాగున్నట్టే. నాలుగైదు అలలు కనిపిస్తే ఫేజ్ మార్జిన్, అంటే ఆ 180 డిగ్రీలకి ఇంకా మిగిలిన దూరం, తక్కువ. తక్కువ లోడ్‌లో ఒకసారి, ఫుల్ లోడ్‌లో ఒకసారి చూడాలి, ఎందుకంటే లోడ్ మారితే పోల్ కూడా జరుగుతుంది. బోర్డులు తెచ్చుకున్నవాళ్లు ఇటు రండి, స్కోప్ సిద్ధంగా ఉంది.