సంచి అడుగున కళ్లజోడు

సభకు నమస్కారం. పెద్దవాళ్ల వైద్యంలో నాణ్యత గురించి మాట్లాడమని మీ విశ్రాంత ఉద్యోగుల సంఘం నన్ను పిలిచింది. నాణ్యత అనగానే మన కళ్లు స్కానింగ్ యంత్రాల వైపు వెళతాయి. నేను ఒక కళ్లజోడు దగ్గర మొదలుపెడతాను.

మా మేనత్తకు 78వ ఏట తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చక్కగా జరిగింది. మూడో రాత్రి ఆవిడ లేచి కూర్చుని, గోడ నిండా చీమలు పాకుతున్నాయనీ, గేదెకు ఇంకా కుడితి పెట్టలేదనీ కేకలు మొదలుపెట్టింది. ఆ గేదెను అమ్మి ఇరవై ఏళ్లయింది. సెలైన్ గొట్టం పీకేస్తుందని చేతులు మంచానికి కట్టారు. "వయసు మీద పడింది కదండీ, మామూలే" అన్నారు. అప్పటికే డాక్టరునైన నేను కూడా తలూపాను. తెల్లవారాక వెతికితే ఆవిడ కళ్లజోడు, కట్టుడు పళ్లు స్టీలు డబ్బాలో, ఆ డబ్బా సంచి అడుగున దొరికాయి. పోతాయేమోనని మావాళ్లే భద్రంగా దాచారు. వినికిడి యంత్రమైతే ఇల్లే దాటలేదు.

ఇలా ఉన్నట్టుండి మతి చెదరడాన్ని మన పాతవాళ్లు సంధి అనేవారు. సంధి ప్రేలాపన అనే మాట ఇప్పుడు రాజకీయ ప్రకటనలకే మిగిలింది గానీ, మొదట అది రోగలక్షణం. వైద్యులు డెలీరియం అంటారు. డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు, నెలలు, ఏళ్ల తరబడి ముదురుతుంది. సంధి గంటల్లో, మహా అయితే రెండు మూడు రోజుల్లో కమ్ముకుంటుంది, పొద్దున ఉన్నట్టు రాత్రి ఉండదు. అరిచేవాళ్లను అందరూ గమనిస్తారు. గోడ వైపు తిరిగి మగతగా పడి ఉండేవాళ్లతోనే చిక్కు. "ప్రశాంతంగా నిద్రపోతున్నారు" అని రాసి ముందుకు వెళ్లిపోతాం.

అమెరికాలో షారన్ ఇనోయే అనే వైద్యురాలు దీని వెంట పడ్డారు. సంధిని మంచం పక్కనే కొద్ది నిమిషాల్లో గుర్తుపట్టే పద్ధతిని ఆమె బృందం 1990లో ప్రచురించింది. ఆ తరువాత యేల్ విశ్వవిద్యాలయ ఆస్పత్రిలో 70 ఏళ్లు దాటిన 852 మందిని తీసుకుని, సగం మందికి మామూలు వైద్యం, సగం మందికి దానితోపాటు మరికొంత సేవ అందించారు. ఆ సేవ ఏమిటో వింటే నవ్వొస్తుంది. కళ్లజోడు పెట్టడం. చెవిలో గుబిలి తీయడం. నీళ్లు తాగించడం. రోజుకు మూడుసార్లు నడిపించడం. ఇవాళ ఏ రోజో, చూడవచ్చే డాక్టరు ఎవరో బోర్డు మీద రాసి, కాసేపు లోకాభిరామాయణం మాట్లాడటం. రాత్రి నిద్రమాత్రకు బదులు వేడి పాలు, వీపు మర్దన. మాత్రలు నూరే చప్పుడు కూడా వినిపించని సాధనాలు వాడారు. ఇందులో చాలా పని శిక్షణ పొందిన వాలంటీర్లు చేశారు.

1999లో ఫలితాలు వచ్చాయి. మామూలు వైద్యం పొందినవారిలో 15 శాతం మందికి సంధి వస్తే, ఈ సేవ పొందినవారిలో 9.9 శాతం మందికే వచ్చింది. ఇది చీట్లు తీసి పంచిన పరీక్ష కాదు, వయసు వంటివి సరిపోల్చి జతలు కట్టినది. ఆ మేరకు జాగ్రత్తగానే చూడాలి. ఇంకో మాట: సంధి ఒకసారి వచ్చినవారిలో దాని తీవ్రతను ఈ సేవ పెద్దగా తగ్గించలేకపోయింది. అంటే చేసేదేదో ముందే, చేర్చిన మొదటి రోజునే చేయాలి.

అమెరికాలోనే రాండ్ సంస్థ పరిశోధకులు 2003లో ఇంకో లెక్క తేల్చారు. బలహీనంగా ఉన్న వృద్ధులకు చేయవలసిన వైద్యంలో ఎంత చేస్తున్నారో చూశారు. బీపీ, షుగరు వంటి సాధారణ జబ్బుల్లో 52 శాతం చేస్తున్నారు. తూలి పడటం, మతిమరుపు, మూత్రం ఆపుకోలేకపోవడం వంటి ముసలితనపు ఇబ్బందుల్లో 31 శాతమే. రక్తపోటుకు అంకె ఉంది, రాసుకుంటాం. తాతగారు బాత్రూముకు గోడ పట్టుకుని వెళుతున్నారన్న సంగతి ఏ కాగితంలోనూ కనపడదు.

మన వార్డుల్లో వాలంటీర్లు ఉండరు. పేషెంటు తాలూకు వాళ్లు మాత్రం ఒకరికి ఇద్దరు ఉంటారు, మంచం కింద చాప పరుచుకుని మరీ. వాళ్లను మందులు తేవడానికీ, బిల్లు కట్టడానికీ తిప్పుతాం తప్ప, "ఆయనకు కళ్లజోడు పెట్టండి, సాయంత్రం నాలుగడుగులు వేయించండి, పొద్దుటి నుంచి ఎన్ని నీళ్లు తాగారో చెప్పండి" అని ఎవరం చెప్పం. ఎప్పుడు నడిపించవచ్చో, ఎన్ని నీళ్లు ఇవ్వవచ్చో చెప్పాల్సింది డాక్టరు, నర్సు. వాళ్లు చెప్పకపోతే మీరే అడగండి. విసుక్కున్నా సరే అడగండి.

మా అత్తకు సంధి వదలడానికి ఇంకో నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగో రోజు కళ్లజోడు సరిచేసుకుని గోడ వైపు చాలాసేపు చూసింది. "చీమలు కావురా, బీటలు" అంది.