24 సిట్టింగులు మీ హక్కేనా? కాలిఫోర్నియా వర్కర్స్ కాంప్‌లో కైరోప్రాక్టర్ లెక్క

"అన్నా, వర్కర్స్ కాంప్‌లో కైరోప్రాక్టర్ దగ్గర 24 సిట్టింగులు ఇవ్వాలని రూల్ ఉంది కదా, నాకు 8 కాగానే ఆపేశారు, కేసు వేయొచ్చా?" ఇదే ప్రశ్నకు జవాబు రాసీ రాసీ విసుగొచ్చి ఈ వీడియో చేస్తున్నా. వర్కర్స్ కాంప్ అంటే పనివల్ల గాయమైతే చికిత్సకు డబ్బిచ్చే బీమా, కైరోప్రాక్టర్ అంటే చేతులతో వెన్ను, మెడ సర్ది వైద్యం చేసేవాడు. ఆ రూల్లో 24 ఉంది, నిజమే. కానీ అది "ఇంతకు మించి ఇవ్వక్కర్లేదు" అని పెట్టిన అంకె. ఇంత ఇస్తామని ఎవరూ ఎక్కడా రాయలేదు.

ముందే చెప్తున్నా, ఇదంతా కాలిఫోర్నియా సంగతి. డాలస్ వాళ్లు కామెంట్లలో తిట్టుకోకండి, టెక్సాస్‌లో ప్రైవేటు యజమాని అసలు వర్కర్స్ కాంప్ బీమా తీసుకోవడమే తప్పనిసరి కాదు, అక్కడి కథ పూర్తిగా వేరు. నేను లాయర్ని కూడా కాదు.

వర్కర్స్ కాంప్ గురించి అంతకంటే వివరంగా మళ్లీ మొదలుపెట్టను. ఒక్క మాట మాత్రం. గ్యాస్ స్టేషన్లో కూల్‌డ్రింక్ కేసులు మోసి నడుం పట్టేసినవాళ్లే కాదు, నెలల తరబడి ల్యాప్‌టాప్ ముందు వంగి మెడ పాడుచేసుకున్నవాళ్లూ దీని కిందికి వస్తారు. వీసా ఏదైనా వస్తారు, స్టేటస్ లేకపోయినా వస్తారు. "మా ఓనర్ మనవాడే, ఎలా అడుగుతాం" అని ఊరుకునేవాళ్లను చూస్తే నాకు కోపం. డబ్బిచ్చేది ఓనర్ జేబు కాదు, ఆయన ప్రీమియం కట్టిన బీమా కంపెనీ.

సరే, ఒక పెళ్లి భోజనం ఊహించుకోండి. కేటరింగ్ ఆయనతో ప్లేటుకు ఇంత అని మాట్లాడుకున్నాం. 300 ప్లేట్లు దాటితే మమ్మల్ని అడక్కుండా పెట్టొద్దు అన్నాం. ఇక్కడ ఖర్చు పెట్టే పెళ్లివాళ్లు బీమా కంపెనీ. వండిపెట్టేది కైరోప్రాక్టర్. భోజనానికి కూర్చున్నది మీరు. 180 మందే తిన్నారనుకోండి, "300 అని రాసుకున్నారుగా, మిగతా 120 పార్సిల్ కట్టండి" అని ఎవరైనా అడుగుతారా? మీరు అడుగుతున్నది అదే.

చట్టం మాట ఇది. లేబర్ కోడ్ 4604.5 ప్రకారం 2004 జనవరి 1 నుంచి జరిగిన గాయాలకు కైరోప్రాక్టర్ దగ్గర గరిష్ఠంగా 24 విజిట్లు. ఫిజికల్ థెరపీకి విడిగా 24, ఆక్యుపేషనల్ థెరపీకి విడిగా 24. ఈ లెక్క గాయానికి, ఏడాదికి కాదు. హెల్త్ ఇన్సూరెన్స్ అలవాటు మీద చాలామంది జనవరి రాగానే మీటర్ సున్నాకి వస్తుందనుకుంటారు. రాదు. బీమా కంపెనీ రాతపూర్వకంగా ఒప్పుకుంటే 24 దాటొచ్చు. సర్జరీ అయితే దాని తర్వాత చేసే చికిత్సకు వేరే గైడ్‌లైన్ ఉంది, ఈ పరిమితి దానికి వర్తించదు.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన, ఎవరూ పట్టించుకోని ముక్క. విజిట్ అంటే ఏది? వెన్ను సర్దితేనే విజిట్ అనుకుంటారు. రూల్లో అలా లేదు. కైరోప్రాక్టర్ మిమ్మల్ని కూర్చోబెట్టి పరీక్ష చేసి, నాలుగు మాటలు మాట్లాడి పంపినా అది ఒక విజిటే. కేటరింగ్ వాళ్ల లెక్కలో ప్లేటు తీశామంటే తీసినట్టే. పులిహోర మాత్రమే తిని లేచినా, ఐస్‌క్రీమ్ దాకా కూర్చున్నా ప్లేటు ఒకటే. కాబట్టి "ఊరికే ఒకసారి చూపించుకుని వస్తా" అని వెళ్లిన రోజులు కూడా మీ 24లోంచే పోతాయి.

మరి 8 దగ్గరే ఎందుకు ఆగింది? పెళ్లిలో స్టోర్ రూమ్ తాళాలు పట్టుకుని ఒక మావయ్య కూర్చుంటాడు చూడండి, నెయ్యి డబ్బా అడిగితే "ఇందాకే ఒకటి ఇచ్చానుగా, ఏమైంది?" అంటాడు. వర్కర్స్ కాంప్‌లో ఆ మావయ్య పేరు యుటిలైజేషన్ రివ్యూ, అంటే అడిగిన చికిత్స నిజంగా అవసరమా అని బీమా కంపెనీ తరఫున చూసే పద్ధతి. కైరోప్రాక్టర్ ఇన్ని విజిట్లు కావాలని ఆర్‌ఎఫ్‌ఏ అనే ఫారం పంపుతాడు. మామూలుగా 5 పని దినాల్లో జవాబు రావాలి. అదనపు సమాచారం అడిగితే మొత్తం 14 రోజుల దాకా పోవచ్చు. ఓకే చెప్పడం అడ్జస్టర్, అంటే బీమా కంపెనీలో మీ క్లెయిమ్ చూసే ఉద్యోగి చేయొచ్చు. వైద్యపరంగా అవసరం లేదని కొట్టేయడం, తగ్గించడం మాత్రం లైసెన్సున్న డాక్టరే చేయాలి. ఆ డాక్టర్ మిమ్మల్ని జన్మలో చూడడు, కాగితాలే చూస్తాడు. ఇది నాకు అస్సలు నచ్చదు, కానీ పద్ధతి ఇదే.

రాష్ట్రం పెట్టిన చికిత్సా గైడ్‌లైన్ ప్రకారం కాగితాల్లో ఆయన ముఖ్యంగా వెతికేది ఒక్క విషయం: మీరు పనులు చేసుకోగలగడం మెరుగుపడిందా? చాలామంది ప్రతిసారీ "రెండ్రోజులు హాయిగా ఉందండీ, మళ్లీ మామూలే" అంటారు. కైరోప్రాక్టర్ అదే రాస్తాడు. చదివిన మావయ్యకు ఏమర్థమవుతుంది? నెయ్యి పోస్తున్నారు, కూర మాత్రం ఉడకట్లేదు అని. తాళం వేసేస్తాడు. అదే "మొదట్లో 10 పౌండ్లే ఎత్తేవాణ్ణి, ఇప్పుడు 25 ఎత్తుతున్నా, సగం షిఫ్టు నిలబడగలుగుతున్నా" అని ఉంటే కథ వేరు. అబద్ధం చెప్పమనట్లేదు. నొప్పి గురించి ఎంత చెప్తారో, ఏం చేయగలుగుతున్నారో కూడా అంత చెప్పండి. ఆపేశారని కామెంట్ పెట్టినవాళ్లు ఒకసారి తమ రిపోర్టులు తెప్పించుకుని చదవండి, సమాధానం చాలావరకు అక్కడే దొరుకుతుంది.

ఇంకో దెబ్బ ఉంది. కాలిఫోర్నియాలో వర్కర్స్ కాంప్ విషయంలో కైరోప్రాక్టర్‌ను కూడా ఫిజీషియన్‌గానే లెక్కిస్తారు, కాబట్టి ఆయనే మీ మెయిన్ డాక్టర్, అంటే ప్రైమరీ ట్రీటింగ్ ఫిజీషియన్ అవ్వొచ్చు. కానీ 2012లో వచ్చిన ఎస్‌బీ 863 అనే చట్టం తర్వాత, 24 విజిట్లు అయిపోతే ఆయన ఆ స్థానంలో ఉండటానికి వీల్లేదు, బీమా కంపెనీ రాసిచ్చి పొడిగిస్తే తప్ప. ఇదేం చిన్న విషయం కాదు. మీరు పనికి వెళ్లొచ్చా, బరువు ఎంత ఎత్తొచ్చు అని 45 రోజుల్లోపు ఒకసారి రిపోర్టు పంపేది మెయిన్ డాక్టరే. పని చేయలేని కాలానికి వచ్చే మూడింట రెండొంతుల జీతం నిలబడేది ఆ రిపోర్టు మీదే. 24 అయ్యాక కొత్త డాక్టర్ కోసం వెతుకుతూ కూర్చుంటే చెక్కు ఆగే ప్రమాదం ఉంది. 18, 20 దగ్గరే వేరే డాక్టర్‌ను చూసి పెట్టుకోండి.

టైం అయిపోతోంది, మిగతావి గబగబా.

"మా ఇంటి దగ్గర మంచి కైరోప్రాక్టర్ ఉన్నాడు, ఆయన దగ్గరికే వెళ్తా." మీ కంపెనీకి ఎంపీఎన్, అంటే డాక్టర్ల నెట్‌వర్క్ ఉంటే, దాంట్లో ఉన్న కైరోప్రాక్టర్ దగ్గరికే. నెట్‌వర్క్ లేకపోతే దారి ఉంది, కానీ గాయం కాకముందే పర్సనల్ కైరోప్రాక్టర్ నోటీసు రాసి కంపెనీకి ఇచ్చి ఉండాలి, ఆయన అంతకుముందు మీకు వైద్యం చేసి రికార్డులు ఉంచుకున్నవాడై ఉండాలి. అలా ఉన్నా మొదటి డాక్టర్‌ను బీమా కంపెనీయే చూపిస్తుంది, తర్వాత మీరడిగితే మీ కైరోప్రాక్టర్‌కు మారుస్తారు.

గాయం సంగతి 30 రోజుల్లోపు యజమానికి చెప్పండి. తెలిసిన ఒక్క పని దినంలో ఆయన డీడబ్ల్యూసీ-1 అనే క్లెయిమ్ ఫారం మీ చేతికివ్వాలి. మీరు నింపి ఇచ్చాక, క్లెయిమ్ ఒప్పుకుంటారో లేదో తేలేదాకా 10,000 డాలర్ల వరకు చికిత్సకు బీమా కంపెనీయే పెట్టుకోవాలి. 90 రోజుల్లో కాదనకపోతే మీ గాయం పనివల్ల అయిందనే లెక్క.

బిల్లు. క్లెయిమ్ వేశాక, బీమా కంపెనీ క్లెయిమ్‌ను తిరస్కరించినట్టు తనకు రాతపూర్వకంగా తెలిస్తే తప్ప, కైరోప్రాక్టర్ మిమ్మల్ని డబ్బు అడక్కూడదు. ప్లేటు డబ్బులు పెళ్లివాళ్లివ్వకపోతే కేటరింగ్ ఆయన వచ్చి భోంచేసినవాళ్ల జేబులు తడుముతాడా? పైగా రానుపోను మైలేజీ కూడా మీరే వసూలు చేసుకోవచ్చు, ఎవరూ అడగరు, అడగండి.

చివరిది. యుటిలైజేషన్ రివ్యూ కాదంటే దానిమీద ఐఎంఆర్ అని బయటి డాక్టర్ చేత మళ్లీ చూపించుకునే హక్కుంది. ఆ ఫారం కాదన్న ఉత్తరంతో పాటే వస్తుంది, చాలామంది చెత్తబుట్టలో వేస్తారు. ఫీజు బీమా కంపెనీదే. సంతకం పెట్టి 30 రోజుల్లో పంపాలి, లెక్క మీరు కవరు చింపిన రోజు నుంచి కాదు, వాళ్లు ఉత్తరం పంపిన తేదీ నుంచి. వదిలేశారంటే, మీ పరిస్థితిలో మార్పు చూపించలేకపోతే, అదే చికిత్సకు ఆ "కాదు" 12 నెలలు చెల్లుతుంది. క్యూఎంఈ, అంటే వైద్యపరమైన గొడవ వస్తే మిమ్మల్ని పరీక్షించి రిపోర్టిచ్చే డాక్టర్ గురించి అడిగినవాళ్లు ఆగండి, అది వచ్చే వీడియోలో.