వెంకటపతిరాయల తరువాత: ఆరవీటి వంశంలో సింహాసన కలహం

సభకు నమస్కారం.

విజయనగర సామ్రాజ్యం ఎప్పుడు కూలిపోయిందని అడిగితే, బడికి వెళ్లే పిల్లలు కూడా 1565లో రాక్షసి తంగడి యుద్ధంతో అని తడుముకోకుండా చెబుతారు. ఆ జవాబులో సగమే నిజం ఉందని నా అభిప్రాయం. ఆ యుద్ధంలో అళియ రామరాయలు హతుడయ్యాడు, హంపీ పాడుపడింది. అయినా రాజ్యం పెనుకొండకూ, తరువాత చంద్రగిరికీ, వేలూరుకూ తరలివెళ్లి మరో ఎనిమిది దశాబ్దాల పాటు ఏదో ఒక రూపంలో నిలిచింది. 1586 నుంచి 1614 వరకు ఏలిన వెంకటపతిరాయలు పెనుకొండను ముట్టడించిన గోల్కొండ సేనను వెనక్కి పంపి, ఎదురు తిరిగిన నాయకులను అణచి, రాజ్యానికి తిరిగి ఒక రూపు తెచ్చాడు. బయటి శత్రువు కొట్టిన దెబ్బ నుంచి కోలుకుంటున్న ఆ రాజ్యాన్ని లోపలి నుంచి విరిచివేసింది 1614 అక్టోబరులో ఆయన కన్నుమూసిన నాటి నుంచి మొదలైన వారసత్వ కలహమే. ఈనాటి నా ప్రసంగం దాని గురించే.

ముందుగా రామరాయలు, వెంకటపతిరాయలు పుట్టిన ఆరవీటి వంశంలో సింహాసనం ఎవరికి చెందుతుందన్న విషయంలో స్థిరమైన కట్టుబాటు లేదని గుర్తించాలి. తండ్రి తరువాత పెద్ద కొడుకా, అన్న తరువాత తమ్ముడా, కొడుకులు లేకపోతే అన్న కొడుకా అన్న ప్రశ్నకు ప్రతి తరంలోనూ కొత్త జవాబు వచ్చింది. రామరాయల తమ్ముడు తిరుమలరాయలు తన ముగ్గురు కొడుకులకు రాజ్యభాగాలను అప్పగించాడు: శ్రీరంగరాయలు పెనుకొండ నుంచి తెలుగు నేలను, రాముడు శ్రీరంగపట్నం నుంచి కన్నడ నేలను, వెంకటపతి చంద్రగిరి నుంచి తమిళ నేలను పాలించారు. శ్రీరంగరాయలు సంతానం లేకుండా పోయేసరికి నడిమివాడైన రాముడు అప్పటికే లేడు, ఆయన కొడుకులు తిరుమల, శ్రీరంగలు పసివాళ్లు. పెద్దలు సమర్థుడని వెంకటపతికి పట్టం కట్టారు. ఆ సమయానికి అది తెలివైన నిర్ణయమే. అయితే అన్న కొడుకులుండగా తమ్ముడు గద్దెనెక్కిన ఆ ఘట్టం వల్ల, సర్దారులు కోరుకుంటే వరుస మారవచ్చునన్న సంగతి అందరికీ తెలిసివచ్చింది.

ఇంకా వెనక్కి వెళితే 1542 కనబడుతుంది. అప్పటి విజయనగర రాజు అచ్యుతరాయలు పోయిన తరువాత ఆయన పసికొడుకు వెంకటాద్రిని, ఆ బిడ్డకు స్వయానా మేనమామైన సలకరాజు తిరుమలయ్యే చంపించి రాజ్యాన్ని చేజిక్కించుకున్నాడు. అళియ రామరాయలు సదాశివరాయలను ముందుపెట్టి తిరుమలయ్యను తుదముట్టించాడు. ఈ ఘటనను ప్రస్తావించడానికి కారణముంది. బహుభార్యాత్వం ఉన్న రాజాస్థానంలో ప్రతి రాణి వెనుకా ఆమె పుట్టింటివారు ఉంటారు. వారికి సొంత కోటలు, సొంత కాల్బలం, సొంత గుర్రపుదళం ఉంటాయి. రాజు బతికి ఉన్నంతకాలం ఆ బలం రాజుదే. రాజు పోగానే ఆ బలం ఏ బిడ్డ తరఫున నిలబడుతుందన్నదే ప్రశ్న అవుతుంది. సేనను పోషించినందుకు నాయకులకు భూములిచ్చే అమరనాయకుల పద్ధతి మీద నిలిచిన రాజ్యంలో ఇలాంటి కుటుంబాలు ఒకటి రెండు కావు.

వెంకటపతిరాయలకు రాణులు పలువురున్నా కొడుకులు లేరు. రాణులలో గొబ్బూరివారి ఆడపడుచు ఓబాయమ్మ ఒక బిడ్డను చూపి, ఆ బిడ్డ తన కడుపున పుట్టినవాడేనని లోకానికి చెప్పింది. ఆమె పుట్టింటితో సంబంధమున్న ఒక బ్రాహ్మణ స్త్రీ కన్న బిడ్డనే ఆమె తెచ్చుకుందని, ఈ సంగతి రాజుకు తెలిసినా రాణి మీది మక్కువతో బయటపెట్టలేదని ఆ కాలపు పోర్చుగీసు జెసూట్ పాద్రీ బర్రాదాస్ రాశాడు. ఆయన 1616 డిసెంబరు 12న కొచ్చి నుంచి రాసిన ఉత్తరమే ఈ మొత్తం కథకు మనకున్న అత్యంత సన్నిహితమైన ఆధారం. పాద్రీ కళ్లతో చూసినవాడు కాదు, చంద్రగిరి, వేలూరు ప్రాంతాల నుంచి అందిన కబుర్లను కూర్చినవాడు. తంజావూరు ఆస్థానంలోని కవయిత్రి రామభద్రాంబ సంస్కృత కావ్యంలోని యుద్ధ వర్ణనను, వెలుగోటివారి వంశావళిని దాని పక్కన పెట్టుకుని చదువుకోవాలి. ఈ మూడూ గెలిచిన పక్షానివే, లేదా ఆ పక్షం మీద సానుభూతి ఉన్నవే. ఓడిన పక్షానికి నాయకుడు, ఓబాయమ్మ పుట్టింటివాడు అయిన జగ్గరాయల తరఫు మాట మనకు అందలేదు. బిడ్డ పుట్టుక గురించి వచ్చిన ఆ కథను తుది తీర్పుగా తీసుకోకుండా, ఓడినవారి మీద గెలిచినవారు మోపిన ఆరోపణగా కూడా చూడాలని నా మనవి.

వెంకటపతిరాయలు మాత్రం ఆ బిడ్డను పక్కనపెట్టి, తన అన్న రాముడి కొడుకైన శ్రీరంగరాయలనే ఎంచుకున్నాడు. చిక్కరాయలన్న యువరాజ బిరుదుతో ఆయన అప్పటికే ప్రసిద్ధుడు. మరణానికి మూడు రోజుల ముందు రాజు ఆయనను సర్దారుల సమక్షంలో పిలిపించి, రాజముద్రిక ఉన్న కుడిచేతిని చాచి ఉంగరాన్ని తీసుకోమన్నాడట. శ్రీరంగరాయలు కన్నీరు పెట్టుకుని, తనకు రాజ్యం వద్దని, ఇష్టమైనవారికి ఇమ్మని పాదాల మీద వాలాడు. రాజు సైగ చేయగా పక్కనున్నవారు ఆయనను లేవనెత్తి కుడివైపున నిలబెట్టారు. రెండోసారి ఉంగరాన్ని చూపినప్పుడు ఆయన రెండు చేతులూ తల మీదికెత్తి క్షమించమని వేడుకున్నాడు. చివరికి రాజు ఉంగరాన్ని వేలి కొసన పట్టుకుని ఇవ్వగా, సర్దారుల మాట మీద అందుకుని తలకు తాకించుకుని వేలికి పెట్టుకున్నాడు. రెండు లక్షల క్రుజాదోల (పోర్చుగీసు నాణేల) విలువైన రాజవస్త్రం, ఆరు లక్షలకు మించిన చెవి వజ్రం, ముత్యాలు ఆయన పరమయ్యాయి. కొందరు సంతోషించారని, కొందరికి నచ్చలేదని పాద్రీ ఒక్క వాక్యంలో ముగించాడు. తరువాతి మూడేళ్ల నెత్తురంతా ఆ ఒక్క వాక్యంలోనే దాగి ఉంది.

నచ్చనివారిలో ముఖ్యుడు గొబ్బూరి జగ్గరాయలు. కొత్త రాజు కొందరు సర్దారులను తొలగించి, రాణి బంధువుల ఆస్తుల మీద చేయి వేశాడన్న కథనం కూడా ఉంది. అది నిజమైతే అసంతృప్తికి రాజు స్వయంగా ఆజ్యం పోసినట్టే. జగ్గరాయలు మరో ఇద్దరు సర్దారులను కలుపుకుని కోటలోకి చొచ్చుకువచ్చి, శ్రీరంగరాయలను ఆలుబిడ్డలతో సహా నిర్బంధించి, ఓబాయమ్మ చూపిన బిడ్డను గద్దె మీద కూర్చోబెట్టాడు. తక్కిన సర్దారులు కొత్త రాజుకు మొక్కారు. మొక్కనివాడు వెలుగోటి యాచమ నాయుడు ఒక్కడే. తరువాత వెంకటగిరి సంస్థానాన్ని ఏలినవారు ఈ వెలుగోటి వంశంవారే.

యాచమ నాయుడు సేనతో కోట బయటికి తొలగినా, లోపలివారితో సంబంధాన్ని తెంచుకోలేదు. చెరలో ఉన్న రాజు రెండో కొడుకు రామదేవుడికి అప్పటికి పన్నెండేళ్లు. రాజకుటుంబపు బట్టలు ఉతకడానికి లోపలికి వచ్చిపోయే రజకుడు ఒకరోజు ఆ పిల్లవాడిని బట్టల మూటలో కట్టి కావలివారి ముందు నుంచే బయటికి మోసుకువచ్చి యాచముడికి అప్పగించాడు. ఆ మనిషి పేరు ఏ ఆధారంలోనూ నిలవలేదు. రాజవంశం నిలిచిందంటే ఆయన చలవే, ఆయన భుజబలమే; సామంతుల వంశావళులు తరతరాల పేర్లు వల్లించే చోట ఆయనకు ఒక్క పంక్తి కూడా దక్కకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

అయితే ఆ సాహసం చెరలో ఉన్నవారి ప్రాణం మీదికి వచ్చింది. బయట ఒక వారసుడు ఉన్నాడని తెలిసిన క్షణం నుంచి లోపలివారు జగ్గరాయలకు పనికిరాని బరువయ్యారు. తప్పించుకునే ప్రయత్నాలు విఫలమయ్యాక కాపలా మరింత బిగిసింది. చివరికి శ్రీరంగరాయలు భార్యాబిడ్డలతో సహా బలైపోయాడు. ఆయన రాజుగా ఉన్నది నాలుగు నెలలే. ఈ హత్యతో జగ్గరాయలు ఆశించింది జరగలేదు. అంతవరకు తటస్థంగా ఉన్న సర్దారులు రోసి యాచముడి వైపు చేరారు, జగ్గరాయలు ఓడి అడవులు పట్టాడు.

అక్కడితో ముగిసి ఉంటే ఇది దాయాదుల పోరుగానే మిగిలేది. జగ్గరాయలు మధుర నాయకుడు ముద్దువీరప్పను, జింజి నాయకుడు కృష్ణప్పను ఆశ్రయించాడు. యాచముడు తంజావూరు రఘునాథ నాయకుడిని చేరాడు. మధుర, జింజి నాయకులకు గద్దె మీద కూర్చున్న బిడ్డ ఎవరి బిడ్డన్నది ముఖ్యం కాదు. వేలూరులో బలహీనుడు ఉంటే కప్పం కట్టనక్కర లేదన్నదే ముఖ్యం. రఘునాథుడికి రాజవంశం మీద భక్తి ఉంది, పొరుగున ఉన్న మధుర, జింజిల మీద పాత కసి కూడా ఉంది. రెండింటినీ విడదీయలేం. తిరుచిరాపల్లి మైదానాలలో సేనలు చేరుతున్నాయని, రెండు పక్షాలూ కలిసి పది లక్షల మంది ఉంటారని బర్రాదాస్ ఉత్తరంలో ఉంది. ఆ సంఖ్యను అక్షరాలా నమ్మలేం గానీ దక్షిణాదిలో కదలని సేన లేదని మాత్రం తెలుస్తుంది. తంజావూరు సేన దారిని చెరచడానికి జగ్గరాయల పక్షంవారు కావేరి మీది ఆనకట్టకు గండి కొట్టారు. చోళుల కాలం నుంచి పొలాలకు నీరందించిన కట్ట అది. సింహాసనం కోసం సాగిన పోరులో రైతుల నీళ్లు కూడా ఆయుధమయ్యాయి.

ఆ ఆనకట్టకు దగ్గరలోని తోపూరు వద్ద జరిగిన యుద్ధంలో జగ్గరాయలు హతుడయ్యాడు, ముద్దువీరప్ప పారిపోతూ పట్టుబడ్డాడు, జింజి నాయకుడికి జింజి తప్ప మిగతా కోటలన్నీ పోయాయి. మూటలో బయటపడిన పిల్లవాడు పదిహేనేళ్ల వయసులో రామదేవరాయలుగా సింహాసనం ఎక్కాడు.

యాచముడి పక్షం గెలిచింది గానీ రాజు గెలవలేదని నేనంటాను. జగ్గరాయల తమ్ముడు యతిరాజు యుద్ధాన్ని కొనసాగించగా, దానిని ఆపడానికి రామదేవరాయలు అతని కూతురినే పెళ్లాడాడు. తండ్రినీ, తల్లినీ, తోబుట్టువులనూ పొట్టన పెట్టుకున్న కుటుంబంతో వియ్యం అది. రాజనీతిగా దానికి అర్థముంది. యాచమ నాయుడికి మాత్రం మింగుడుపడలేదు. ప్రాణాలొడ్డి రాజును నిలబెట్టినవాడు ఆ రాజుకే ఎదురునిలిచాడు. రాజును తయారుచేసే శక్తి ఉన్న సామంతుడికి ఆ రాజుతో పొత్తు నిలవడం కష్టమని 1542లో రామరాయల నుంచి ఇప్పటి యాచముడి దాకా చూస్తూనే ఉన్నాం.

రామదేవరాయలు 1632 ప్రాంతంలో కొడుకు లేకుండా పోయాడు. అళియ రామరాయల మనుమడైన పెదవెంకటరాయలు రాజు కాగా, ఆయన పినతండ్రి తిమ్మరాజు గద్దె తనదేనని లేచి 1635లో ప్రాణం పోగొట్టుకున్నాడు. అతనిని ఎదిరించి రాజుకు అండగా నిలిచిన, ఆ రాజు అన్న కొడుకైన శ్రీరంగడే కొద్దికాలానికి తిరగబడి, 1638లో బీజాపూరు సేనను తన రాజ్యం మీదికి తెచ్చాడు. 1639లో ఇంగ్లీషువారికి మద్రాసు నేలను దఖలుపరిచిన దామెర్ల వెంకటాద్రి ఈ పెదవెంకటరాయల సామంతుడు, యాచమ నాయుడికి స్వయానా మేనల్లుడు. ఆయన తండ్రి చెన్నప్ప పేరు మీదనే చెన్నపట్నమన్న పేరు వచ్చింది. 1642లో గోల్కొండ సేన తీరం వెంట దిగుతున్న వేళ పెదవెంకటరాయలు చిత్తూరు అడవులలో మరణించగా, ఆ తిరగబడిన శ్రీరంగడే మూడవ శ్రీరంగరాయలుగా రాజై, గోల్కొండతో కుమ్మక్కయ్యాడన్న అనుమానంతో దామెర్ల వెంకటాద్రిని నిర్బంధించాడు. 1645లో ఇంగ్లీషువారికి తన పేర శ్రీరంగరాయపట్నమని కొత్త దఖలుపత్రం రాయించి ఇచ్చాడు. మధుర, జింజి, తంజావూరు నాయకులు ఎవరి దారి వారు చూసుకోగా, కొద్ది సంవత్సరాలలోనే వేలూరు కూడా ఆయన చేజారింది. చివరికి ఇక్కేరి శివప్ప నాయకుడి ఆశ్రయంలో బేలూరులో ఉండవలసి వచ్చింది.