చెప్పులో లేని రాయి: పాదం ముందు భాగంలో నరం నొప్పికి ఆపరేషన్

నమస్కారమండీ. బల్ల మీద మూడు వస్తువులు పెట్టుకున్నాను, చూడండి. ప్లాస్టిక్‌తో చేసిన పాదం ఎముకల బొమ్మ, ఒక లిప్‌స్టిక్, మా ఊరి మూడు లాంతర్ల సెంటరు దగ్గర కొన్న మామూలు చెప్పుల జత. లిప్‌స్టిక్ మా ఆవిడది, అడిగే తెచ్చాను. దాని పని తర్వాత వస్తుంది.

నేను విజయనగరంలో ఎముకల డాక్టర్ని. నా గదిలోకి వస్తూనే కొందరు చెప్పు విప్పి, తిరగేసి, బల్ల కాలికి తట్టి దులుపుతారు. "బాబూ, ఇందులో రాయేమైనా ఉందేమో చూడండి, అడుగేస్తే గుచ్చుకుంటోంది" అంటారు. రాయి ఉండదు. ఇంట్లో పదిసార్లు దులుపుకునే వచ్చి ఉంటారు, అయినా డాక్టరు ముందు ఇంకోసారి. ఆ రాయి చెప్పులో లేదు, పాదంలో ఉంది. నిజానికి అది రాయి కూడా కాదు, లావెక్కిన నరం. దాన్ని ఆపరేషన్ చేసి ఎలా తీస్తాం, ఎవరికి తీయాలి, ఎవరి జోలికి పోకూడదు, ఇవాళ అదే చెప్పుకుందాం.

ముందు నరం అనే మాటతోనే ఒక చిక్కుంది. చేతి మీద ఉబ్బి కనిపించే రక్తనాళాన్నీ మనం నరమే అంటాం. పిక్క పట్టేస్తే నరం పట్టేసిందంటాం. మడమ వెనక తాడులా ఉండేదాన్నీ నరమే అంటాం. ఈ వీడియోలో నేను నరం అన్నప్పుడల్లా స్పర్శనీ నొప్పినీ మెదడుకు మోసుకెళ్ళే తీగ అనే అర్థం చేసుకోండి. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, "నరం కోస్తాం" అనగానే ఎదురుగా ఉన్నవాళ్ళ మొహం పాలిపోతుంది. "కాలు చచ్చుబడిపోదా బాబూ?" అని అడుగుతారు. పోదు. వేళ్ళను కదిపే పని ఈ నరానిది కాదు. రెండు వేళ్ళ మధ్య సందుకు స్పర్శ ఇవ్వడమే దాని ఉద్యోగం.

బొమ్మను కెమెరా దగ్గరికి తెస్తున్నాను. బొటనవేలు నుంచి లెక్కపెట్టండి. ఒకటి, రెండు, మూడు, నాలుగు. మూడో వేలికీ నాలుగో వేలికీ మధ్య సందు చూశారా, ఎక్కువగా ఇక్కడే. ఆ తర్వాత స్థానం రెండో సందుది. ఈ పొడుగు ఎముకల తలలన్నిటినీ కలుపుతూ అడ్డంగా ఒక గట్టి పట్టీ ఉంటుంది, లిగమెంట్. నరం ఆ పట్టీ కింద నుంచి, అంటే అరికాలు వైపు నుంచి, వేళ్ళలోకి వెళ్తుంది. మీరు మడమ ఎత్తి ముందుకు అడుగేసిన ప్రతిసారీ వేళ్ళు పైకి వంగుతాయి, నరం ఆ పట్టీ అంచుకు లాక్కుపోతుంది. నూతి గట్టుకు చేదతాడు ఒరుసుకున్నట్టన్నమాట. తాడైతే అరిగి సన్నబడుతుంది. నరం మాత్రం చుట్టూ పీచులాంటి కణజాలం పెరిగి లావెక్కుతుంది. దీన్ని మోర్టన్స్ న్యూరోమా అంటారు. పేరు చివర 'ఓమా' ఉందని కొందరు గూగుల్‌లో చూసుకుని కంగారుగా వస్తారు. ఇది క్యాన్సర్ కాదు, అసలు కణితే కాదు.

ఆ మోర్టన్ ఎవరంటే, 1876లో ఈ నొప్పి గురించి రాసిన సర్జన్, థామస్ మోర్టన్. ఊరు ఫిలడెల్ఫియా. మనవైపు ఫిలడెల్ఫియా అంటే సాలూరు కుష్ఠు ఆసుపత్రే గుర్తొస్తుంది గానీ, ఇది అమెరికాలోది. తమాషా ఏమిటంటే, ఆయన తప్పు నరానిదే అనుకోలేదు. నాలుగో వేలి మొదట్లో ఉన్న కీలుదని అనుకుని, ఆ ఎముక భాగాన్నే తీసేయమన్నాడు. అంతకు చాలా ముందే, 1835లో, ఇటలీలో చివినీనీ అనే ఆయన ఈ నరం ఉబ్బును చూసి రాశాడు. అయినా పేరు మోర్టన్‌కే దక్కింది.

ఇప్పుడు లక్షణాలు. వేళ్ళ మొదట్లో మంట, రెండు వేళ్ళలోకి కరెంటు కొట్టినట్టు జివ్వుమనడం, తిమ్మిరి. ఇరుకు బూట్లు, ఎత్తు మడమల చెప్పులు వేస్తే ఎక్కువ. మగవాళ్ళ కన్నా ఆడవాళ్ళలో ఎక్కువగా చూస్తాం. పోలీసు సెలక్షన్లకని తెల్లవారకుండానే రోడ్డు మీద పరుగులు తీసే కుర్రాళ్ళు కూడా వస్తుంటారు. నేను పట్టుకునే మాట మాత్రం ఒకటుంది. "నడుస్తూ నడుస్తూ ఆగిపోయి, చెప్పు విప్పి, వేళ్ళు నలుపుకుంటే హాయిగా ఉంటుందండీ" అన్నారంటే నా అనుమానం సగం తీరిపోతుంది.

పరీక్ష ఇలా చేస్తాను. ఒక చేత్తో పాదాన్ని రెండు పక్కల నుంచీ పట్టి నొక్కుతాను, చేపను పట్టుకున్నట్టు. రెండో చేతి బొటనవేలితో కింద నుంచి ఆ సందులో ఒత్తుతాను. లోపల 'టక్' మని ఏదో జారినట్టు తెలుస్తుంది. నొప్పి కూడా అప్పుడే వస్తే, అదే. దీన్ని 1951లో మల్డర్ చెప్పాడు, ఆయన పేరుతోనే పిలుస్తాం. ఒక్క టక్ మాత్రమే ఉండి నొప్పి లేకపోతే లెక్కలోకి రాదు.

ఇక్కడ నా సొంత తప్పొకటి చెప్పుకోవాలి. సర్జన్‌గా కొత్తలో, ఒకాయన స్కానింగ్ రిపోర్టు పట్టుకుని వచ్చారు. మూడో సందులో నరం ఉబ్బు అని స్పష్టంగా రాసుంది. నేను ఉత్సాహంగా కోసి తీసేశాను. గాయం చక్కగా మానింది, నొప్పి ఎక్కడిదక్కడే ఉంది. తర్వాత నడుముకు ఎంఆర్ఐ తీయిస్తే తెలిసింది, అసలు నొప్పి డిస్కు దగ్గర నొక్కుకుపోయిన నరానిది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. "మా నుదుట అలా ఉంది" అన్నారు. నుదుటి రాత కాదు, నేను చేయాల్సిన పరీక్ష చేయలేదు, అంతే. నొప్పే లేనివాళ్ళ పాదాలకు స్కానింగ్ తీసినా ఇలాంటి ఉబ్బులు కనిపిస్తాయి. కాబట్టి రిపోర్టు చూసి కోయకూడదు, మనిషిని చూసి కోయాలి.

ఆ పరీక్ష ఏమిటంటే, మత్తు ఇంజెక్షన్. లిగ్నోకెయిన్ కొద్దిగా, ఆ ఒక్క సందులోకే, పాదం పై నుంచి ఇస్తాం. పది నిమిషాలాగి, నొప్పి పుట్టించే అవే చెప్పులు వేసుకుని వరండాలో అటూ ఇటూ నడవమంటాను. నొప్పి మాయమైతే దొంగ దొరికినట్టే. మత్తు గంటో రెండు గంటలో ఉండి పోతుంది, నొప్పి మళ్ళీ వస్తుంది. పరవాలేదు, మనకు కావలసిన సమాధానం వచ్చింది. మత్తులో కూడా నొప్పి అలాగే ఉంటే నేను కత్తి ముట్టుకోను.

ఎందుకంటే పాదం ముందు భాగంలో నొప్పికి కారణాలు చాలా ఉన్నాయి. రెండు పాదాలూ ఒకేలా, సాక్సు తొడిగినంత మేర మండుతున్నాయంటే ముందు సుగర్ చూడాలి. ఎముక పైన వేలు పెడితే నొప్పి, వాపు ఉంటే సన్నటి పగులేమో చూడాలి, ముఖ్యంగా ఆ పరుగుల కుర్రాళ్ళలో. చర్మం మీద స్పర్శ లేని పాలిపోయిన మచ్చ ఉన్నా, మడమ లోపలి వైపు చీలమండ వెనక నరం తాడులా తగిలినా, కుష్ఠు సంగతి తేల్చుకోవాలి. దానికి మందులున్నాయి, సిగ్గుపడి దాచుకోవడమే ప్రమాదం.

ఇప్పుడు లిప్‌స్టిక్. ఆపరేషన్ వీడియో అని చెప్పి చెప్పుల దగ్గర ఆగాడేమిటని అనుకోకండి. సరిగ్గా పెట్టిన ప్యాడ్‌తో ఆపరేషన్ తప్పించుకున్నవాళ్ళు బాగానే ఉన్నారు. కాకపోతే చాలామంది ప్యాడ్‌ను నొప్పి ఉన్న చోటే అంటిస్తారు, మెత్తగా ఉంటుందని. అప్పుడు నొప్పి పెరుగుతుంది. చూడండి, అరికాలిలో నొప్పి ఉన్న చోట లిప్‌స్టిక్ పూస్తున్నాను. చెప్పులో కాలు పెట్టి నిలబడ్డాను. తీశాను. ఎర్రటి గుర్తు పడింది కదా. ప్యాడ్ ఈ గుర్తు మీద కాదు, గుర్తుకు వెనక, మడమ వైపు, అంచు తగిలీ తగలనట్టు. అప్పుడది ఎముకల తలలను వెనక నుంచి ఎత్తి, విడదీసి, నరానికి జాగా ఇస్తుంది. మన ఎండకు, చెమటకు జిగురు ఊడిపోతుంటుంది, మళ్ళీ అంటించుకోవాలి. ముందు భాగం వెడల్పుగా ఉన్న చెప్పు, ఈ ప్యాడ్, కలిపి మూడు నెలలు చూడండి.

దాంతో తగ్గకపోతే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఒకటి, మహా అయితే రెండు. అంతకు మించి పొడిపించుకుంటే అరికాలి కొవ్వు మెత్త కరిగి పలచబడుతుంది, పొడిచిన చోట చర్మం తెల్లబడుతుంది. మన రంగు మీద ఆ మచ్చ బాగా కనిపిస్తుంది.

నొప్పి మాత్రల గురించి ఒక్క మాట, ముఖ్యంగా కవిటి, సోంపేట, పలాస, మందస వైపు చూస్తున్నవాళ్ళకు. ఉద్దానంలో కిడ్నీ జబ్బులు ఎంత ఎక్కువో మీకు నేను చెప్పక్కర్లేదు. మందుల షాపులో అడిగి డైక్లోఫెనాక్‌లాంటివి నెలల తరబడి మింగకండి, అవి కిడ్నీలకు చేటు. కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష, క్రియాటినిన్, చూపించుకోకుండా అసలు మొదలుపెట్టకండి. పాదం నొప్పి ప్రాణం తీయదు.

సరే, ఇవన్నీ అయ్యాయి, నొప్పి తగ్గలేదు, మత్తు పరీక్షలో దొంగ దొరికాడు. ఆపరేషన్.

పొద్దున్న వచ్చి సాయంత్రం ఇంటికి వెళ్ళిపోవచ్చు. చీలమండ చుట్టూ మత్తు ఇస్తాం, మీరు మెలకువగానే ఉంటారు. ముందు రోజే మెట్టెలు తీసి రండి. వాపు వస్తే తర్వాత తీయడం కష్టం. కొందరు అమ్మలు మెట్టెలు తీయడానికి ఒప్పుకోరు. రెండో కాలికి ఉంచుకోండమ్మా అంటాను, సర్దుకుంటారు.

పాదం పై వైపున, రెండు వేళ్ళ సందు నుంచి వెనక్కి, సుమారు 3 సెంటీమీటర్ల గాటు. అరికాలు వైపు నుంచి కూడా చేయవచ్చు, అందులో నరం సూటిగా దొరుకుతుంది. అయితే మచ్చ నడిచే చోట పడుతుంది, రెండు మూడు వారాలు కాలు నేల మీద మోపనివ్వరు. చెప్పుల్లేకుండా పొలంగట్టు మీద నడిచేవాళ్ళు మనవైపు ఇంకా ఉన్నారు కాబట్టి, మొదటిసారి చేసేటప్పుడు నేను పై నుంచే వెళ్తాను. ఇద్దరు సర్జన్లు రెండు రకాలుగా చెబితే కంగారు పడకండి, రెండూ సరైన దారులే.

గాటు పెట్టాక రెండు ఎముకలను ఒక పరికరంతో మెల్లగా విడదీస్తాం. లోపల తెల్లగా, అడ్డంగా ఆ పట్టీ కనిపిస్తుంది. దాన్ని కోస్తాం. కొన్ని చోట్ల ఇంతటితో ఆపి, నరాన్ని వదులు చేసి వదిలేస్తారు, నరం తీయరు. నరం మరీ లావెక్కకపోతే అదీ ఒక పద్ధతే. తీయాలనుకున్నప్పుడు, ఒక వేలితో అరికాలి నుంచి పైకి నొక్కుతాను. అప్పుడు నరం తనంతట తానే గాటులోకి తేలి వస్తుంది. లేత పసుపు కలిసిన తెలుపు, మధ్యలో చిక్కుడు గింజంత ఉబ్బు, ముందుకు రెండు కొమ్మలు, ఒక్కో వేలికి ఒక్కోటి. పక్కనే సన్నటి రక్తనాళం ఉంటుంది, దాన్ని తప్పించాలి.

ముందు ఆ రెండు కొమ్మలను కోసి, నరాన్ని మెల్లగా ముందుకు లాగి, వెనక్కి ఎంత దూరం వీలైతే అంత దూరంలో, పట్టీ అంచుకు సుమారు 3 సెంటీమీటర్ల వెనక కోస్తాను. అరికాలి వైపు పోయే చిన్న పిల్ల కొమ్మలుంటాయి, అవి నరాన్ని కట్టిపడేస్తాయి, వాటినీ వదిలించాలి. అసలు పనితనం ఇక్కడే ఉంది. కోసిన నరం ఊరుకోదు, మొలకెత్తాలని చూస్తుంది. ఆ కొస కండరాల్లోకి జారి దాక్కుంటే గొడవ లేదు. బరువు పడే చోటే మిగిలిపోతే, ముడిపడి మళ్ళీ నొప్పి మొదలుపెడుతుంది. ఉబ్బును తీసేశాం కదా అని దగ్గర్లో కోసి ముగిస్తే పని చెడిపోయినట్టే. తీసిన ముక్కను సీసాలో వేసి బయాప్సీకి పంపుతాం. మొత్తం అరగంట, ముప్పావుగంట పని.

పక్కపక్కన రెండు సందుల్లోనూ నొప్పి ఉంటే ఒకేసారి రెండూ తీయమంటారు కొందరు. నేను వెనకాడతాను. మధ్య వేలికి రెండు వైపులా స్పర్శ పోతుంది.

స్పర్శ అన్నాను కదా, సంతకం పెట్టే ముందు ఇదే బాగా వినాలి. నొప్పి పోయి ఆ చోట తిమ్మిరి మిగులుతుంది, అదీ జీవితాంతం. ఒకామె మూడు నెలల తర్వాత వచ్చి, "పసుపు రాసుకుంటుంటే ఆ సందులో నా వేలే నాకు తెలియలేదు బాబూ. సంతకైతే నడిచే వెళ్ళొచ్చాను" అంది. ఆమెకు ముందే చెప్పాను కాబట్టి నవ్వుతూ చెప్పింది. చెప్పకపోతే పోట్లాటకొచ్చేది. 100 మందిలో సుమారు 80 మంది తృప్తిగా ఉంటారు. మిగతావాళ్ళకు కొంత తగ్గుతుంది, లేదా తగ్గదు. సుగర్ ఉన్నవాళ్ళు ముందు దాన్ని అదుపులోకి తెచ్చుకోవాలి, కాలి రక్తప్రసరణ చూపించుకోవాలి. ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద వస్తుందో లేదో ఆసుపత్రిలో ఆ పథకం చూసేవాళ్ళను అడగండి, మీ కేసుకు వాళ్ళే చెప్పగలరు.

ఆపరేషన్ తర్వాత మొదటి రెండు రోజులు పాదం గుండె కన్నా ఎత్తులో ఉండాలి. మడమ మీద బరువు మోపే చెప్పు ఇస్తాం, దాంతో బాత్రూముకు వెళ్ళి రావచ్చు. కుట్లు సుమారు రెండు వారాలకు తీస్తాం. అప్పటిదాకా నీళ్ళు తగలకూడదు, బురద అసలే తగలకూడదు. అందుకే ఉభాల రోజుల్లో ఆపరేషన్ పెట్టుకోవద్దంటాను. పొలంలో నాట్లు పడుతుంటే మంచం మీద పడుకోగలిగే మనిషి నాకింతవరకు కనపడలేదు. వెడల్పు చెప్పులు మూడు నాలుగు వారాలకు, పరుగులు రెండు నెలల తర్వాతే. వాపు కొన్ని నెలలు వస్తూ పోతూ ఉంటుంది, దానికి టెన్షన్ పడకండి. జ్వరం, చీము, గాటు చుట్టూ ఎరుపు పాకడం, వీటికి మాత్రం అదే రోజు రావాలి.

కొన్ని నెలలు బాగుండి, ఆ చోట నొక్కితే మళ్ళీ షాక్ కొట్టినట్టుంటే, కోసిన కొస ముడిపడిందేమో చూడాలి. దానికీ ముందు ప్యాడ్, ఇంజెక్షన్, ఆ తర్వాతే రెండో ఆపరేషన్. ఈసారి తరచూ అరికాలి నుంచే వెళ్ళాల్సి వస్తుంది. వచ్చేటప్పుడు పాత డిశ్చార్జి కాగితం, బయాప్సీ రిపోర్టు పట్టుకురండి. ఏ సందులో కోశారో, పట్టీ ఒక్కటే కోశారో, నరం కూడా తీశారో అందులో రాసుంటుంది. అవి లేకపోతే రెండోసారి కోసేవాడు చీకట్లో తడుముకోవాలి.