మాలిక్ తిరిగి రాకపోయి ఉంటే

సభాధ్యక్షులకు, పెద్దలకు, విద్యార్థులకు నమస్కారం. పరిచయాలన్నీ అయిపోయాయి కనుక నేరుగా విషయానికి వస్తాను.

1950 జనవరి 13న సోవియట్ ప్రతినిధి యాకోవ్ మాలిక్ భద్రతా మండలి నుంచి లేచి వెళ్లిపోయాడు. చైనాలో కమ్యూనిస్టులు గెలిచినా, ఆ దేశం కుర్చీలో వాళ్ల చేతిలో ఓడిన చాంగ్ కై షేక్ మనిషే కూర్చున్నాడని అభ్యంతరం. న్యాయమైన అభ్యంతరమే. కానీ జూన్ 25న కొరియా యుద్ధం వచ్చిపడింది. మాలిక్ లేడు కనుక జూలై 7లోగా మూడు తీర్మానాలు వీటో (శాశ్వత సభ్యదేశం ఒక్కటి వ్యతిరేకించినా తీర్మానం వీగిపోవడం) లేకుండా నెగ్గాయి. అమెరికా నాయకత్వంలో ఐరాస జెండా యుద్ధభూమికి వెళ్లింది. ఆగస్టులో మండలి అధ్యక్షత వంతు సోవియట్‌ది. 1వ తేదీన మాలిక్ తిరిగొచ్చి ఆ స్థానంలో కూర్చున్నాడు.

రాకుండా, మాస్కో ఐరాస నుంచే తప్పుకుని ఉంటే?

ఐరాసకు ముందున్న నానాజాతి సమితి నుంచి రెండేళ్ల నోటీసుతో వైదొలగే వీలుండేది. ఐరాస చార్టర్‌లో ఆ ఊసే లేదు. అయినా వెళ్లేవాణ్ని ఎవరాపుతారు? తిరిగి రావడమే కష్టం. 4వ అధికరణ ప్రకారం సభ్యత్వానికి మండలి సిఫారసు కావాలి, అక్కడ అమెరికాకు వీటో ఉంది. ఇండోనేసియా 1965లో వెళ్లి మరుసటేడు దరఖాస్తు లేకుండానే వచ్చింది కదా అంటారు. దానికి శాశ్వత స్థానం లేదు, అది వస్తే ఎవరికీ నష్టం లేదు. సోవియట్‌కు ఆ వెసులుబాటు దొరికేదని నేననుకోను.

కొరియా సంగతి ఇంకా చాలా ఉంది గానీ, అక్కడే ఆగలేను. వీటో అంటేనే అన్యాయమని వక్తృత్వ పోటీల్లో పిల్లల చేత చెప్పిస్తున్నాం. అది నాకు బాధగా ఉంది. వాళ్లకు గోవా లెక్క చెప్పండి. అమ్మా, కాగితం ఉంటే మీరూ రాసుకోండి.

1961 డిసెంబరు 18. భారత సైన్యం గోవాలో ఉంది. కాల్పులు ఆపి వెనక్కి పొమ్మని మండలిలో తీర్మానం పెట్టారు. సభ్యులు 11 మంది, నెగ్గడానికి 7 ఓట్లు కావాలి. అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, టర్కీ, చైనా, చిలీ, ఈక్వడార్: సరిగ్గా ఏడు. ఎదురు నిలిచినవి సోవియట్, సిలోన్ (నేటి శ్రీలంక), లైబీరియా, ఐక్య అరబ్ గణరాజ్యం (ఈజిప్టు). సోవియట్ కుర్చీ ఖాళీగా ఉంటే అది 7-3తో నెగ్గేది. గోవా చేజారేదని నేననడం లేదు, మర్నాడే పోర్చుగీసు గవర్నరు లొంగిపోయాడు. కానీ కశ్మీరు మీద 1948 తీర్మానాలను ఇప్పటికీ మన ముందు పెడుతున్నారే, వాటి పక్కన గోవాది కూడా చేరేది.

1971లో, బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు, ఇంకా ఘోరంగా ఉండేది. మండలి అప్పటికి 15 మందికి పెరిగింది, కావలసినవి 9 ఓట్లు. డిసెంబరు 4న యుద్ధం ఆపి సేనల్ని వెనక్కి తీసుకోమన్న తీర్మానానికి 11 ఓట్లు వచ్చాయి. వ్యతిరేకించినవి సోవియట్, పోలండ్ మాత్రమే. బ్రిటన్, ఫ్రాన్స్ తటస్థం. ఆ వీటో లేకపోతే, మనం బంగ్లాదేశ్‌ను గుర్తించడానికి రెండు రోజుల ముందే వెనక్కి పొమ్మన్న తీర్మానం మన మీద ఉండేది. 5న మళ్లీ వీటో, 13న మళ్లీ వీటో. 16న ఢాకాలో పాకిస్తాన్ సేన లొంగిపోయింది.